చవుక నవలల సంగ్రహణము

1950వ సంవత్సరమున అమెరికాయందు గోల్డుమెడల్ సంస్థ ప్రకటించిన తెరెస్కా టోరెస్ నవల “విమెన్స్ బారక్స్” స్త్రీల పరస్పరానురాగమును దెలుపు చవుక పుస్తకములకు దారి తీసెను. 1952లో మారిజేన్ మీకర్, విన్ పాకర్ అను మాఱుపేర “స్ప్రింగ్ ఫైర్” వ్రాయఁగా, తపాలాధికారు లాటంకపెట్టుదు రని సంపాదకుఁడు కథను దుఃఖాంతము చేయించెను. కావున నా ముగింపును గ్రంథకర్త్రి హృదయముగాఁ గ్రహించుట పొరపాటు. పాఠాంతరము లెఱిఁగిన పండితుల కిది క్రొత్త గాదు.

గ్రంథాలయము లాదరింపని యీ పుస్తకములను బార్బరా గ్రియర్ కూర్చెను. జీన్ డామన్ అను పేర మఱియొకరితోఁ గూడి 1967లో నిట్టి గ్రంథముల పట్టిక వెలువరించెను. ఆమె స్థాపకులలో నొకతెయైన నాయడ్ ప్రెస్సు, 1957 నాఁటి ఆన్ బానన్ నవలను 1983లో పునర్ముద్రించెను. ఆమె సంగ్రహము నేఁడు సాన్‌ఫ్రాన్సిస్కో పౌరగ్రంథాలయమున నున్నది. అట్టమీఁది బొమ్మకే వెల యిచ్చువారు గలరు. ముద్రణసంవత్సరమును జూడని సంగ్రహము చరిత్ర కక్కఱకు రాదు. కొయ్యగుజ్జు కాగితము పసుపువాఱి పెళుసై విఱుగుచున్నది.