ఉమ్మి ఇస్తే జన్యు నివేదిక: నియంత్రణ ఎంతవరకు?

వైద్యుడి చీటీ లేకుండా, ఆసుపత్రి గడప తొక్కకుండా, వ్యక్తి నేరుగా సంస్థకు డబ్బు చెల్లించి చేయించుకునే డీఎన్‌ఏ పరీక్షను వినియోగదారు జన్యు పరీక్ష అంటారు. సంస్థ ఒక చిన్న గొట్టాన్ని ఇంటికి పంపుతుంది. అందులో ఉమ్మి నింపి తిప్పి పంపితే, కొన్ని వారాలకు పూర్వికుల మూలాలు, కొన్ని వ్యాధుల ముప్పు, కొన్ని మందులకు శరీరం స్పందించే తీరు వంటి వివరాలతో నివేదిక అందుతుంది. ఇక్కడ 'ముప్పు' అన్న మాటను జాగ్రత్తగా చదువుకోవాలి. తెలుగులో ఆ మాట వినగానే రాబోయే ఆపద స్ఫురిస్తుంది. నివేదికలో దాని అర్థం సంభావ్యత మాత్రమే.

మనిషి జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. చిప్ ఆధారిత పరీక్షలు వాటిని ఆసాంతం చదవవు. ముందుగా ఎంచుకున్న కొన్ని లక్షల స్థానాలనే చూస్తాయి. అమెరికాలోని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2018 మార్చిలో '23అండ్‌మీ' కంపెనీకి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పును తెలిపే పరీక్షకు అనుమతి ఇచ్చింది. ఆ పరీక్ష బీఆర్‌సీఏ జన్యువుల్లో వెదికినవి మూడే మార్పులు. అవి ప్రధానంగా అష్కెనాజీ యూదుల్లో కనిపించేవి. ఆ జన్యువుల్లో అప్పటికే తెలిసిన మార్పులు వెయ్యికి పైబడి ఉన్నాయి. కాబట్టి ఒక తెలుగు మహిళకు 'మార్పులు లేవు' అని అలాంటి నివేదిక వచ్చినా, ఆమె ముప్పు గురించి అది దాదాపుగా ఏమీ చెప్పనట్టే. పొరపాటు మరో వైపూ జరుగుతుంది. ఇలాంటి పరీక్షల ముడి సమాచారంలో కనిపించిన మార్పులను వైద్య ప్రయోగశాలలో తిరిగి పరిశీలించిన 2018 నాటి ఒక అమెరికా అధ్యయనంలో 40 శాతం నిర్ధారణ కాలేదు. అధ్యయనం చిన్నది, పరిశీలించిన నమూనాలు 49 మాత్రమే. అయినా హెచ్చరికగా అది చాలు.

సరైన స్థానాన్ని చూస్తే పరీక్ష ప్రాణం కాపాడగలదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2017లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఈ విషయాన్నే చూపింది. తరతరాలుగా తమలో తామే వియ్యమందుకునే సమూహాల్లో కొన్ని అరుదైన జన్యులోపాలు పోగుపడతాయి. వైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతర సమూహాల కంటే 100 రెట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో దీనివల్ల ఇబ్బంది ఉండదు. ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం, దాని ప్రభావం తొందరగా తగ్గదు. రోగి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. సంగతి ముందే తెలిస్తే మత్తు వైద్యుడు వేరే మందు వాడతాడు. విదేశీ జనాభాను ఆధారం చేసుకున్న పరీక్షలో ఇలాంటి అంశం ఉంటుందన్న భరోసా లేదు. ఈ కొరత తీర్చడానికే చేపట్టిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది.

నియంత్రణ విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో దారి. ఫ్రాన్స్‌లో ఇవి నిషిద్ధం. చేయించుకున్న వ్యక్తికి 3,750 యూరోల దాకా జరిమానా పడవచ్చు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2013 నవంబరులో 23అండ్‌మీ ఆరోగ్య నివేదికల అమ్మకాన్ని ఆపించింది. 2015 నుంచి ఒక్కొక్క పరీక్షనే పరిశీలిస్తూ అనుమతిస్తూ వచ్చింది.

భారతదేశంలో ఈ పరీక్షలకు ప్రత్యేక చట్టం లేదు. 1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టం లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి వచ్చింది. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు రోగనిర్ధారణ కిట్లకు వర్తిస్తాయి. ప్రయోగశాలలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు స్వచ్ఛందం. 2023లో వెనక్కి తీసుకున్న డీఎన్‌ఏ బిల్లు ఉద్దేశం నేరస్థుల, తప్పిపోయినవారి గుర్తింపు. అది చట్టమైనా ఈ ఖాళీ పూడేది కాదు.

సామాన్యుడికి అసలు దెబ్బ తగిలే చోటు బీమా. గుండె కండరం మందమయ్యే వ్యాధి ఉన్న ఒక పాలసీదారుకు అది జన్యుసంబంధమైనదన్న కారణంతో బీమా సంస్థ క్లెయిము నిరాకరించింది. జన్యు రుగ్మతలన్నింటినీ గుండుగుత్తగా మినహాయించడం వివక్షేనని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పునిచ్చింది. ఆ మరుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ కూడా ఆ సాకుతో క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలకు సూచించింది. అమెరికాలో 2008 నాటి చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో జన్యు వివక్షను నిషేధిస్తుంది. జీవిత బీమాను మాత్రం ముట్టుకోదు.

సమాచారం చేతులు మారడం మరో చిక్కు. 23అండ్‌మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2025 మార్చిలో సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు, కోటిన్నర మంది జన్యు సమాచారం కూడా అమ్మకపు ఆస్తుల్లో ఒకటైంది. చివరికి సహ వ్యవస్థాపకురాలు యాన్ వొజిస్కీ నేతృత్వంలోని లాభాపేక్షలేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు దాన్ని తీసుకుంది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, జన్యువులను మార్చుకోలేం. పైగా ఉమ్మి ఇచ్చినది ఒక్కరైనా, అందులో తోబుట్టువుల, పిల్లల వివరాలూ కొంత ఉంటాయి. వారి సమ్మతి ఎవరూ అడగరు. 2019 నాటి డేటా రక్షణ బిల్లు జన్యు సమాచారాన్ని 'సున్నితమైనది'గా వేరుచేసింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణే లేదు. సమ్మతి ఇవ్వడం, దాన్ని వెనక్కి తీసుకోవడం, వివరాల తొలగింపు కోరడం అనే హక్కులు ఫోన్ నంబరుకైనా జన్యుక్రమానికైనా ఒక్కటే.

నివేదికలో ఆందోళన కలిగించే ఫలితం వస్తే దాన్ని వైద్య ప్రయోగశాలలో తిరిగి నిర్ధారించుకున్న తరువాతే చికిత్స నిర్ణయాలు తీసుకోవాలి. హైదరాబాద్‌లో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం జన్యు సలహా సేవలు అందిస్తోంది. సలహాదారు ముందుగా అడిగేది కుటుంబ చరిత్ర. మూడు తరాల వివరాలు రాసుకుని వెళ్తే పని తేలికవుతుంది.