గడువు లెక్క ఏ రోజు నుంచి?

పోయిన మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు: “సంబళంలో అన్యాయం జరిగి పదేళ్లయింది అన్నా, ఇప్పుడు కేసు వేస్తే నిలుస్తుందా?” నిలబడి రెండు మాటల్లో చెప్పేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ అని ఒకావిడ. అలబామా రాష్ట్రం గాడ్స్‌డెన్‌లో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో 1979 నుంచి 1998 దాకా సూపర్‌వైజరు. ఉద్యోగం చివర్లో ఎవరో పేరు రాయకుండా ఒక చీటీ పెట్టారు. అప్పుడు తెలిసింది సంగతి. 1997 ఆఖరుకు ఆమె సంబళం నెలకు 3,727 డాలర్లు. అదే పని చేసే మగవాళ్లలో అందరికంటే తక్కువ తీసుకునేవాడికే 4,286.

అక్కడి 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం అలబామాలో 180 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. జ్యూరీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. కానీ 2007 మే 29న సుప్రీం కోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. సంబళం తక్కువగా నిర్ణయించిన రోజు నుంచే లెక్క, ఆ గడువులు ఎప్పుడో దాటిపోయాయి అంది. పక్కవాడి సంబళం ఎంతో తెలియనిదే ఎవరైనా 180 రోజుల్లో ఎలా అడుగుతారు? జస్టిస్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతిని కోర్టులోనే చదివి వినిపించారు. 2009 జనవరి 29న ఒబామా సంతకం పెట్టిన చట్టంతో, తక్కువ సంబళం అందిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుందని ఖాయమైంది. లిల్లీకి మాత్రం పైసా రాలేదు. 2024లో పోయింది.

ఇంచుమించు ఇదే మాట మన సుప్రీం కోర్టు 1995లోనే చెప్పింది, అదీ రైల్వే ఉద్యోగి ఎం.ఆర్. గుప్తా కేసులో. అది వివక్ష కేసు కాదు, పే ఫిక్సేషన్ తగాదా. 1978 నాటి ఫిక్సేషన్ మీద ఆయన 1989లో ట్రిబ్యునల్‌కు పోతే ఆలస్యమైందన్నారు. తప్పుడు లెక్కతో సంబళం ఇచ్చిన ప్రతి నెలా కొత్త కారణమే అంది సుప్రీం కోర్టు. అయితే అరియర్స్ మాత్రం గడువు లోపలివే.

ప్రమోషన్, సీనియారిటీకి ఈ సూత్రం పనికిరాదు, అక్కడ పక్కవాళ్ల స్థానాలు కదులుతాయి కదా. ట్రిబ్యునల్‌కు మామూలుగా ఒక ఏడాదే గడువు. నా సర్వీసులో చూశాను, మనవాళ్లు ఏళ్ల తరబడి రెప్రజెంటేషన్ మీద రెప్రజెంటేషన్ ఇస్తూ, దస్త్రం నడుస్తోంది కదా అని ధైర్యంగా ఉండేవారు. అలా మళ్లీ మళ్లీ ఇచ్చే అర్జీలతో గడువు పెరగదని 1989లోనే రాథోడ్ కేసులో తేలిపోయింది.

తమ్ముడూ, నీది సంబళం లెక్క అయితే పే స్లిప్పులు తీసుకుని ఆదివారం రా, చూద్దాం.