గీసిన గీత ఎవరిది?

జాకెట్టు కొలతలు దర్జీ దగ్గరే ఉండిపోతే ఏమవుతుందో మన ఆడవాళ్లకు వేరే చెప్పాలా? అతను కూలి పెంచినా, పండగ వెళ్లిపోయేదాకా తిప్పించుకున్నా, మళ్లీ ఆ గడపే ఎక్కాలి. అదే కాగితం కటింగ్ మన బీరువాలో ఉందనుకోండి, ఎవరిచేతనైనా కుట్టించుకోవచ్చు. కంప్యూటర్ మీద యంత్రభాగాలు గీసే సాఫ్ట్‌వేర్ల చరిత్ర చదివితే నాకు ఈ కాగితం కటింగే గుర్తొచ్చింది.

నవలలు రాసుకునేదానికి ఈ గొడవెందుకంటారా? బుగ్గారంలో మా అక్క కొడుకు ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ పెట్టుకున్నాడు. సరదా పనే లెండి. "చిన్నమ్మా, గీసుకునేటందుకు తక్కువల ఏది దొరుకుతది?" అని అడిగాడు. బి.ఏ. చదివినదాన్ని, లేత్ సంగతి నాకేం తెలుసు? చరిత్ర తవ్వడం మాత్రం వచ్చు.

అసలు ముందుగా గీసుకోవడం ఎందుకంటే, మన తెలంగాణలోనే సాక్ష్యం ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ ఆసు పోసేది. ఒక్కో చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడాలి. ఆ నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువాగిన ఆ కొడుకు ఏళ్లతరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అయితే చేసి చూసి, చెడితే మళ్లీ చేసే దారిలో ప్రతి తప్పూ డబ్బే. తెర మీద తప్పయితే చెరిపేస్తే పోతుంది.

తెర మీద గీతకు 1963లో అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ శ్రీకారం చుట్టారు. కాంతి కలంతో గీసే 'స్కెచ్‌ప్యాడ్' ఆయనదే. చాలాకాలం ఆ విద్య పెద్ద కంపెనీల సొత్తు. 1982లో ఆటోడెస్క్ కంపెనీ 'ఆటోక్యాడ్'ను సుమారు వెయ్యి డాలర్లకు చిన్న కంప్యూటర్ల మీదికి తెచ్చింది. 2016లో శాశ్వతంగా కొనుక్కునే పద్ధతి ఆపి, అద్దె పద్ధతికి మళ్లింది. అద్దెల్లు ఎంత అందంగా ఉన్నా అద్దెల్లే కదా!

సరదాకు చేసుకునేవాళ్లకు ఆ కంపెనీ వారి 'ఫ్యూజన్' ఉచితమే. కానీ 2020లో ఒకేసారి పది బొమ్మలే మార్చుకోవచ్చని కట్టడి పెట్టారు. మన బొమ్మను వేరే సాఫ్ట్‌వేర్‌కు అందేలా 'స్టెప్' రూపంలో బయటికి తీసుకునే వీలు కూడా ఉండదన్నారు. గోల లేచాక ఆ ఒక్క మాట వెనక్కి తీసుకున్నారు. 'ఆన్‌షేప్' కూడా ఉచితమే, అయితే ఉచితంగా గీసిన బొమ్మలు లోకమంతా చూడొచ్చు. 2002లో మొదలైన 'ఫ్రీక్యాడ్'కు రుసుమూ లేదు, యజమాని గదమాయింపూ లేదు. ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. కాకపోతే నేర్చుకునేటప్పుడు కొత్త కోడలిలా కాస్త ముభావంగా ఉంటుంది. దాని 1.0 రూపం 2024 నవంబరులో వచ్చింది.

అంచేత మావాడికి చెప్పింది ఇదీ. చేత్తో తిప్పే లేత్‌కు కొలతలున్న కాగితం బొమ్మ చాలు. దానికి 'లిబ్రేక్యాడ్' ఉచితంగా దొరుకుతుంది. అన్ని వైపుల రూపమూ కావాలంటే ఓపికపట్టి ఫ్రీక్యాడ్ నేర్చుకోమన్నాను. అలా అన్ని వైపుల రూపంతో గీసిన ప్రతి బొమ్మకూ స్టెప్ నకలు ఒకటి తన దగ్గరే దాచుకోమన్నాను. ఆ నకలులో ఆకారం మిగులుతుంది గానీ గీసిన క్రమం మిగలదు. అందుకని అసలు ఫైలు కూడా పారేయకూడదు.

ధర ఎంతని అందరూ అడుగుతారు. రేపు మానుకుంటే నా గీతలు నాతో వస్తాయా అని కూడా మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి.