చర్చి అరుగు

మా నాయన పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో రాయి మోసేవాడు. వారుణి వాహిని పేరుతో సర్కారే మాదిగ గూడేల దాకా సారా పాకెట్లు పంపిన కాలం. కూలి చేతికి రాకముందే కొట్టు బాకీకి పోయేది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ వాళ్ళు కొట్టు మూయించారని రాత్రిబడిలో విన్నాం. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరి 16న మందంతా ఆగింది. పుస్తకాల్లో చరిత్ర ఇంతే.

కొట్టు మూశారు సరే, తాగినోడి వొణుకు ఎవరికి అప్పజెప్పారు? మానేసిన మూడోనాడు నాయన గిన్నె పట్టలేకపోయాడు. గోడమీద పాములన్నాడు. దయ్యమన్నారు. మందు ఒక్కసారే ఆపితే వచ్చే జబ్బది, ప్రాణం తీస్తది, ఆస్పత్రికి తీసుకుపోండని చెప్పినోళ్ళు లేరు. ఎట్టనో బతికాడు. తాగుడు మానాలనుకున్నోళ్ళు ఒకచోట కూచుని మాట్లాడుకునే సంఘం అమెరికాలో 1935లోనే పుట్టిందని నాకు చాలా తర్వాత తెలిసింది.

మా అమ్మకి అదేం తెలవదు. మానేసిన ఇంకో ఇద్దర్ని పిలిచి, పొద్దుగూకి కాళ్ళు కొట్టుకేసి లాగే వేళకి, ముగ్గుర్నీ చర్చి అరుగుమీద కూచోబెట్టి మజ్జిగ పోసేది. తిట్టుకునేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, చీకటి పడ్డాక ఇళ్ళకి పోయేవాళ్ళు.

1997లో నిషేధం ఎత్తేశారు. సారా రాలేదు గానీ బ్రాందీ వచ్చింది. ఆ సాయంత్రం అరుగుమీద నాయన ఒక్కడే. అమ్మ మూడు గిన్నెలూ తెచ్చింది.