ఆంగ్లప్రభువులపై నొక ప్రహసనము



ఉరితీయబోవు ఖైదీని ఏమని సంబోధింపవలెనో తెలియక తలారి తికమకపడుట మీరెన్నడైన వింటిరా? 1949వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన యొక చలనచిత్రము ఇట్లే ఆరంభమగును. చెరసాలలో నున్నవాడు డ్యూకు. అనగా ఆ దేశపు ప్రభుబిరుదములలో నెల్ల శ్రేష్ఠమైన దానిని వహించినవాడు. అట్టి వానిని మర్యాదగా పిలుచు తీరును తలారి ముందుగానే అభ్యసించును. ప్రభువులకు పట్టుత్రాడు వాడుదురు గావున, పట్టు ముట్టిన చేతితో మరల నారత్రాడు ముట్టజాలనని, ఇదియే తన కడపటి పనియని గర్వపడును. ప్రాణము తీయుచోట సయితము అంతస్తు మరువని యా సంఘమును జూచి నవ్వు వచ్చును. ఆ నవ్వు వెంటనే ఒడలు జలదరించును.

ఈ చిత్రము పేరు ‘కైండ్ హార్ట్స్ అండ్ కారొనెట్స్’. దయగల హృదయములు, ప్రభుకిరీటములు అని దాని యర్థము. పుట్టుకకంటె మంచితనమే మిన్నయను భావముగల టెన్నిసన్ కవి గీతమునుండి ఈ పేరు గైకొనబడినది. ఈలింగ్ స్టూడియోవారు దీనిని నిర్మించిరి. రాబర్ట్ హేమర్ దర్శకుడు. 1907లో రాయ్ హార్నిమన్ ప్రకటించిన నవల దీనికి మూలము. నవలలో నాయకుని తండ్రి యూదుడు. చిత్రమున ఇటలీదేశపు గాయకుడు. యూదులకు యూరపుఖండమున జరిగిన ఘోరము ఇంకను పచ్చిగా నున్న దినములలో ఆ మార్పు ఎంతయు ఉచితము.

కథ చిన్నది. డాస్కాయిన్ వంశమున బుట్టిన యొక కన్య ఆ గాయకుని వరించి వెడలిపోయెను. వంశమువారు ఆమెను త్యజించిరి. ఆమె పేదరికమున కుమారుని పెంచి, తన్ను పూర్వుల సమాధులచెంత నుంచుడని కోరి మరణించెను. ఆ కోరికనుగూడ వారు నిరాకరించిరి. బట్టల దుకాణమున గుమాస్తాగానున్న కుమారుడు లూయీ మజ్జీని అంతట నొక శపథము పట్టెను. ఆ డ్యూకు పదవి స్త్రీసంతతికిని చెల్లునది. కావున తనకును ఆ గద్దెకును నడుమ నున్నవారిని ఒక్కరొక్కరిగా తొలగింప బూనెను. వారిలో ఎనిమిదిమందిని మనము తెరపై చూతుము. ఆరుగురు ఆతని చేత చత్తురు; ఇరువురు తమంతట చత్తురు. ఈ ఎనమండ్రను, అందొక స్త్రీనిగూడ, అలెక్ గిన్నెస్ అను నొక్క నటుడే అభినయించెను. వేషములు వేరైనను మొగమొక్కటే. వంశగర్వమునకు అంతకు మించిన వ్యాఖ్యానము వేరొకటి యేల?

అనౌచిత్యమే హాస్యమునకు మూలమని మన ఆలంకారికులు సెలవిచ్చిరి. ఇందలి అనౌచిత్యము వట్టి కల్పన కాదు, చరిత్రలో వేళ్లూనినది. ఆ కుటుంబమున ఒకడు మతాచార్యుడు, ఒకడు నౌకాధిపతి, ఒకడు సేనాని, ఒకడు బ్యాంకు యజమాని. ఇట్లేల? ఇంగ్లండున బిరుదమును, సాధారణముగా భూమియు జ్యేష్ఠునికే చెందెడివి. మన జమీందారీలలోను పెక్కింట పెద్దకుమారునికే గద్దె దక్కు ఆచారముండెడిదని మీరెరిగినదే. అక్కడ కడమ కుమారులకు చర్చియు, సైన్యమును, నౌకాదళమును దిక్కయ్యెను. పెక్కు గ్రామములలో మతాచార్యుని నియమించు హక్కు భూస్వామి చేతిలో నుండెడిది. సైన్యములో అధికారపదవులను రొక్కమిచ్చి కొనుట 1871 వరకును సాగెను.

చిత్రములోని నౌకాధిపతి తప్పుటాజ్ఞ యిచ్చి, రెండునౌకలు ఢీకొన, తన నౌకతోపాటు నిబ్బరముగా మునిగిపోవును. చూచువారు నవ్వుదురు. కాని 1893వ సంవత్సరమున సర్ జార్జి ట్రయొన్ అను నౌకాధిపతి యిచ్చిన ఆజ్ఞవలన ‘విక్టోరియా’ యను యుద్ధనౌకను ‘క్యాంపర్‌డౌన్’ అను మరియొక నౌక గ్రుద్దగా 358 మంది మునిగి చనిపోయిరి. పై అధికారి మాట తప్పని తోచియు ఎదురాడలేని క్రమశిక్షణకు అది ఫలము.

ఆ వంశపు డ్యూకు, తన యడవిలో దొంగచాటుగా వేటాడు పేదలకై ఇనుపబోనులు పన్నించును. మనుష్యుల కాళ్లు విరుచు నట్టి బోనులను 1827లోనే శాసనము నిషేధించినది. చిత్రకథ జరుగుట ఈ శతాబ్దికి ముందటి శతాబ్ది తొలిదినములలో. అనగా దాదాపు 80 ఏండ్ల నాటి చట్టము ఆ ప్రభువునకు చట్టముగా తోచలేదు. తుదకు తానే ఆ బోనున జిక్కి లూయీ తుపాకికి బలియగును.

ఇక విచారణ సంగతి. ఘోరాపరాధము మోపబడిన ప్రభువును ప్రభువుల సభయే విచారించుట ప్రాచీనాచారము. 1760లో ఫెర్రర్స్ ప్రభువు తన దివానును కాల్చిచంపగా, సాటిప్రభువులే విచారించి ఉరిశిక్ష విధించిరి. ఆతనిని పట్టుత్రాట నురితీసిరను వదంతి జనులలో నిలిచినది. ఇట్టి విచారణలలో కడపటిది 1935 డిసెంబరున జరిగెను. మోటారు ప్రమాదమున నొకని మృతికి కారకుడను నేరముపై డి క్లిఫర్డు ప్రభువును విచారించి విడుదల చేసిరి. 1948 నాటి శాసనము ఈ హక్కును తుడిచివైచెను. చిత్రము మరుసటి యేడే వెలువడెను. 1911లో వారి సభకుండిన నిషేధాధికారమును తగ్గించి ఆలస్యము చేయు శక్తిని మాత్రము నిలిపిరి. 1949 డిసెంబరున దానిని రెండేండ్లనుండి ఒక యేటికి కుదించిరి. 1999లో వంశపారంపర్య ప్రభువులలో 92 మంది దక్క తక్కినవారు ఆ సభలో స్థానము కోల్పోయిరి. భయపెట్టు బలము సడలిన పిదపనే గదా లోకము బహిరంగముగా నవ్వుటకు సాహసించును!

అయినను చిత్రము ప్రభువులను మాత్రమే పరిహసించినదని తలపరాదు. లూయీ దుఃఖము నిజమైనది. తల్లికి ఆరడుగుల నేల నిరాకరించిన వారిపై ఎవరికి కోపము రాదు? కాని ఆతడు ఆ వ్యవస్థను కూల్చగోరలేదు. దాని శిఖరముపై తాను కూర్చుండగోరెను. తల్లిని త్రోసివేసిన బిరుదమునే తన తలకు చుట్టుకొనెను. ఇంతలో ఆతడు చేయని హత్యకు శిక్షపడి, తుది గడియలో నిర్దోషియని తేలి విడుదలయగును. చేసిన హత్యలన్నియు స్వహస్తముతో వ్రాసిన పుస్తకమును మాత్రము చెరసాలలోనే మరచి వచ్చును. చిత్రము అంతటితో ముగియును. నేరము శిక్షింపబడినట్లు స్పష్టముగా తెలుపవలెనను నియమముచే అమెరికాలో ఆ పుస్తకము అధికారుల చేత బడినట్లు చూపిరి.

బోనులో చిక్కిన పేదవానిని తలచికొనుడు. పాత డ్యూకు పోయి క్రొత్త డ్యూకు వచ్చినందువలన ఆతనికి కలిగిన మేలేమి? పల్లకిలో కూర్చున్నవారు మారినను మోయువాని భుజము నొప్పి మారదు. అన్యాయమునకు గురియైనవాడు ఆ అన్యాయపు పీఠమునే కోరునేని, ఆతని పగ తీరునే గాని లోకమునకు న్యాయము కలుగదు. నవ్వించుచు నవ్వించుచు ఈ చిత్రము మనకు చెప్పినది ఇదియే.