వెనక బెంచీ కోసం ఒక చదువు



ఈ స్వర్ణోత్సవ సంచికలో మన బడి ఘనత గురించి రాసేవారు చాలామందే ఉన్నారు. ర్యాంకులు తెచ్చినవారు, జిల్లా స్థాయిలో ఆడినవారు, డాక్టర్లు, ఇంజినీర్లు, టీచర్లు అయినవారు ఆ పేజీల్లో మీకు కనపడతారు. నేను రాస్తున్నది ఒకటో తరగతి రిజిస్టరులో పేరుండి, పదో తరగతి గ్రూపు ఫోటోలో మొహం లేని పిల్లల గురించి. వాళ్లను మొద్దు అన్నాం, మట్టిబుర్ర అన్నాం. వాళ్లలో కొందరికి తెలివికి కొదవ లేదు, అక్షరంతోనే తగువు. ఆ తగువు ఏమిటో గుర్తుపట్టే టీచర్లను తయారుచేసే చదువు మన దేశంలో ఎలా మొదలైంది, ఖమ్మం, భద్రాచలం అడవి అంచు దాకా ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నదే ఈ వ్యాసం. ఇరవై ఏళ్లకు పైగా ఈ మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలతో రిసోర్సు టీచరుగా పనిచేసినవాడిని కాబట్టి ఈ సాహసం చేస్తున్నాను.

తెలివి ఉండీ చదవలేకపోవడం అనేది వైద్యుల దృష్టికి ముందు వచ్చింది. 1887లో జర్మన్ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 'డిస్లెక్సియా' అనే మాట పుట్టించాడు. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ పెర్సీ అనే 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ముందుండేవాడు, అయినా చదవడం రాదు. 1963లో షికాగోలో తల్లిదండ్రుల సభలో శామ్యూల్ కర్క్ ఈ ఇబ్బందులన్నిటికీ కలిపి 'లెర్నింగ్ డిజెబిలిటీస్' అనే పేరు వాడాక సంగతి ఆసుపత్రి గది దాటి తరగతి గదిలోకి వచ్చింది. మన తెలుగువాళ్లు ఎందరో స్థిరపడిన న్యూజెర్సీలో ఈ పనికి 'లెర్నింగ్ డిజెబిలిటీస్ టీచర్ కన్సల్టెంట్' అనే హోదాయే ఉంది. పాఠం చెప్పిన అనుభవం మీద మాస్టర్స్ స్థాయి చదువు చదివితేనే ఆ హోదా. బడిలో సైకాలజిస్టు, సోషల్ వర్కరు పక్కన కూర్చుని పిల్లవాడి సంగతి తేల్చే టీచరన్నమాట.

మన దగ్గర కథ నెమ్మదిగా నడిచింది. వికలాంగ పిల్లల్ని వీలైనంతవరకు మామూలు బడుల్లోనే చదివించాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పింది. 1974లో కేంద్రం అందుకో పథకం పెట్టింది. చెప్పడానికి టీచర్లేరీ? 1984లో సికింద్రాబాద్ మనోవికాస నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వచ్చింది. డిప్లొమా మొదలుకొని ప్రత్యేక విద్యలో బీఈడీ, ఎంఈడీ దాకా టీచర్లను తయారుచేసిన చోటు అది. దేశమంతటికీ పెద్ద దిక్కయిన సంస్థ మన రాష్ట్ర రాజధానిలోనే ఉండటం మన అదృష్టం. కానీ భద్రాచలం నుంచి అక్కడికి మూడొందల కిలోమీటర్లు. 1992 నాటి చట్టంతో రీహాబిలిటేషన్ కౌన్సిల్ చేతికి ఈ శిక్షణల మీద అధికారం వచ్చింది. ఆ కౌన్సిల్ రిజిస్టరులో పేరు లేనిదే ప్రత్యేక విద్య టీచరుగా పనిచేయకూడదన్న నియమమూ అప్పుడే వచ్చింది.

అయితే 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ, బుద్ధిమాంద్యం ఇలా. అభ్యసన వైకల్యం ఆ జాబితాలో లేదు. కంటికి కనిపించే లోపానికే సర్టిఫికెట్టు. అక్షరాల దగ్గర తడబడే పిల్లవాడికి ఏ కాగితమూ లేదు, ఏ టీచరూ లేడు. 2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చాక పట్నాల్లో తల్లిదండ్రులు ఈ మాట పలకడం నేర్చారు. మన ఏజెన్సీ ఊళ్లకు ఆ మాట కూడా రాలేదు.

ఇక్కడే మన ప్రాంతం ప్రత్యేకత చెప్పాలి. భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా గోదావరి జిల్లాల కింద ఉండేది. ఏ పాలనలో ఉన్నా కోయ పిల్లవాడికి బడి భాష వేరు, ఇంటి భాష వేరు. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. బొమ్మలో గ్లాసు నీళ్లు చూసి పిల్లవాడు 'ఏరు' అంటే తప్పని కొట్టేస్తాం. ఒత్తు అక్షరాలు కోయ మాటలో వినపడవు. 'భారతం' అని చెబితే వాడు 'బారతం' అని రాస్తాడు. అది రోగమూ కాదు, లోపమూ కాదు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ గొడవలకు భయపడి అడవి దాటి వచ్చి గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లలకైతే తెలుగే కొత్త.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. 1943లోనే ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకే టీచరు శిక్షణ ఇప్పించి గోండిలో చదువు చెప్పించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో సహా 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపితో, ప్రాథమిక పాఠాలు మొదలయ్యాయి. భాష తేడాను భాష తేడాగానే చూడాలన్న తెలివి అందులో ఉంది.

మరి అసలు అభ్యసన వైకల్యం ఉన్న కోయ పిల్లవాడు? వాడు రెండింటి మధ్య నలిగిపోతాడు. అందరికీ భాష సమస్యే కదా అని వాడినీ వదిలేస్తాం. శిక్షణలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే: ముందు పిల్లవాడి భాషలో విను. కోయలో కథ చక్కగా చెబుతున్నాడా? అదే భాషలో మాటను ముక్కలు చేసి మొదటి శబ్దం ఏదో చెప్పగలడా? తోటి కోయ పిల్లలు రెండేళ్లలో గుణింతం పట్టుకుంటే వీడు ఎందుకు 'కమలం'ను 'కలమం' అంటున్నాడు? బోర్డు మీదది ఎక్కించుకోవడానికి ఎంతసేపు పడుతోంది? చూపు, వినికిడి పరీక్ష అయిందా? బడికి సరిగా వచ్చాడా, లేక మిరప కోతలకు వెళ్లాడా? ఇవన్నీ తేలాకే వైకల్యం మాట ఎత్తాలి. తొందరపడి ముద్ర వేస్తే అన్యాయం, వేయకుండా వదిలేసినా అన్యాయమే. మామూలు బీఈడీలో ఒక పేపరు చదివితే ఈ చూపు రాదు.

సర్వశిక్షా అభియాన్ వచ్చాక మండలానికి రిసోర్సు టీచర్లు, భవిత కేంద్రాలు వచ్చాయి. మాలో చాలామంది దూరవిద్యలోనే ప్రత్యేక బీఈడీ చేశాం. సెలవుల్లో కాంటాక్టు క్లాసులు, రాత్రి బస్సులు, తెల్లారి మళ్లీ ఊళ్లు. వారంలో ఒక రోజు కేంద్రంలో ఉంటే, మిగతా రోజులు మంచం పట్టిన పిల్లల ఇళ్లకు తిరగడమే సరిపోయేది. చదువు రాని పిల్లవాడి వంతు ఎప్పుడూ చివర్లోనే.

2016 చట్టంతో వైకల్యాలు 21 అయ్యాయి. అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన చేయాలని చట్టమే చెబుతోంది. 2018 మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో గానీ 8 ఏళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, తొలి పరిశీలన చేయాల్సింది బడి టీచరే. 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ప్రత్యేక టీచరు ఉండాలంది. లెక్క బాగుంది. మన మండలాల్లో ఆ లెక్కకు సరిపడా మనుషులు లేరు. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక కొన్ని ఊళ్లకు బడి ఒక రాష్ట్రంలో, దగ్గరి పెద్దాసుపత్రి మరో రాష్ట్రంలో అయ్యాయి. సర్టిఫికెట్టు కోసం తిరిగే తల్లికి ఆ గీత ఎంత బరువో చూసినవాళ్లకే తెలుస్తుంది.

అందుకే స్వర్ణోత్సవ వేళ ఒక మనవి. భవనాలు, గేట్లు, విగ్రహాలు తర్వాత కట్టుకోవచ్చు. మన పూర్వ విద్యార్థుల్లో కోయ, లంబాడీ ఇళ్ల నుంచి వచ్చి టీచర్లయినవారు ఉన్నారు. ఏటా వారిలో ఒకరికి అభ్యసన వైకల్యం ప్రత్యేకాంశంగా బీఈడీ, ఆపైన ఎంఈడీ చదివేందుకు సంఘం ఫీజు, ప్రయాణం, వసతి భరిస్తే చాలు. కోయ తెలిసిన మనిషి, శాస్త్రం తెలిసిన మనిషి ఒకరే అయిననాడు పిల్లవాడి మాట సరిగ్గా వినపడుతుంది. పదేళ్లకు పదిమంది. ఒక్కొక్కరు ఒక మండలం చూసుకున్నా చాలు, వచ్చే గ్రూపు ఫోటోల్లో వెనక వరుస కాస్త నిండుతుంది.