తాండూరు కంది: ఎండు తెగులును తట్టుకునే రకాల చరిత్ర

తాండూరు కంది వికారాబాద్ జిల్లాలోని తాండూరు, యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ చుట్టుపక్కల వర్షాధారంగా పండే పప్పుధాన్యం. నాపరాయి గనులకు పేరుపడ్డ ఈ ప్రాంతంలో సున్నపురాయి నిక్షేపాలు విస్తారం. నేలలో అటాపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం కూడా ఉంది. పప్పులో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టిన దరఖాస్తుపై 2022 డిసెంబరులో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. రుచిని గురించి అందరూ చెబుతారు. ఈ పంటను నేలలోని శిలీంధ్రం నుంచి కాపాడిన విత్తన పరిశోధన గురించి చెప్పేవారు తక్కువ.

ఎండు తెగులు తెచ్చే ఆ శిలీంధ్రం పేరు ఫ్యుజేరియం ఉడం. అది వేర్ల ద్వారా మొక్కలోకి చొరబడి, నీళ్లు పైకి పోయే నాళాలను పూడుస్తుంది. నేలలో తడి ఉన్నా మొక్క దాహంతో వాడిపోతుంది. కాండం మీద మొదలు నుంచి పైకి ఊదారంగు చార కనిపిస్తుంది, బెరడు గీరితే లోపల నల్లటి గీతలుంటాయి. పూత, కాయ దశలో తాకితే రైతుకు ఆ ఏడాది పెట్టిన పెట్టుబడంతా పోయినట్టే. పంట తీసేసినా మోళ్లలో, నేలలో శిలీంధ్రం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది కాబట్టి మందు చల్లి దీన్ని తుడిచిపెట్టడం సాధ్యం కాదు. తట్టుకునే విత్తనమే ఆధారం.

బిహార్‌లోని పూసా పరిశోధనాలయంలో ఇ.జె. బట్లర్ ఈ తెగులును శాస్త్రీయంగా వివరించారు. 1910లో ఆయన ప్రచురించిన గ్రంథమే దీనికి పునాది. 1930లలో అక్కడే ఎఫ్.జె.ఎఫ్. షా, ఆయన సహచరులు దేశంలోని కంది రకాలను వర్గీకరించారు. ఎన్‌పీ (డబ్ల్యుఆర్) 15 వంటి తొలి నిరోధక రకాలు ఆ పూసా సంప్రదాయంలోనివే.

అసలు మలుపు తెలుగు నేల మీదే వచ్చింది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నేనే బృందం అక్కడ తెగులు మడులు తయారుచేసింది: ఎండిన మొక్కలను నేలలో కలిపి, శిలీంధ్రం నిండిన ఆ మడిలో వేల రకాల విత్తనాలు వేసి, ఏవి బతుకుతాయో చూడటం. పద్ధతి సాదాసీదాదే, కానీ అంతకుముందు పరీక్షలకు లేని నికరం దానికి ఉంది: తెగులు రావడం అదృష్టం మీద ఆధారపడలేదు. 1975-80 మధ్య ఇక్రిశాట్ జరిపిన సర్వేలో మహారాష్ట్రలో సగటున 22.6 శాతం మొక్కలకు ఈ తెగులు ఉన్నట్టు తేలింది.

ఆ తెగులు మడుల వడపోతల్లో నిలిచినవే తర్వాతి పేరున్న రకాలు. మహారాష్ట్ర నాటు విత్తనం నుంచి ఎంపికైన ఐసీపీ 8863, 1980ల నడుమ మారుతి పేరుతో కర్ణాటకలో విడుదలైంది. తాండూరు సరిహద్దు దాటితే కలబురగి కందిసీమే. మారుతికి ఎండు తెగులు భయం లేదు గానీ, నల్లి వల్ల వ్యాపించే వెర్రి తెగులుకు అది లొంగిపోతుంది. 1993లో వచ్చిన ఆశ, అంటే ఐసీపీఎల్ 87119, రెండిటినీ తట్టుకుంది. జన్యుపటం కోసం కందిలో శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఆశనే. రాజీవ్ వార్ష్నేయ్ నాయకత్వంలో జరిగిన ఆ పని 48,680 జన్యువులను అంచనా వేస్తూ 2012లో నేచర్ బయోటెక్నాలజీలో అచ్చయింది. 2015లో తెలంగాణలో విడుదలైన మన్నెంకొండ కంది హైబ్రిడ్ కూడా ఈ రెండు తెగుళ్లను తట్టుకుంటుంది, కాకపోతే దాని విత్తనం ఏటా కొనాలి.

తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం పాత్రను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న ఈ కేంద్రం నుంచే హనుమ (టీడీఆర్‌జీ 4) అనే కంది రకం వచ్చింది. పటాన్‌చెరులో నిలిచిన రకం ప్రతిచోటా నిలవదు, ఎందుకంటే శిలీంధ్రంలోనూ రకాలున్నాయి. అందుకే స్థానిక నేలలో పరీక్ష తప్పనిసరి. జొన్నతో అంతరపంట, పంట మార్పిడి, పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలిపి వేయడం ఆ విత్తనానికి తోడు నిలిచే పద్ధతులు.

మొక్కను పట్టి పీడించేవి శిలీంధ్రాలే కాదు, కలుపు మొక్కలూ ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికా బొబ్బర్లను స్ట్రైగా పీడిస్తే, బోట్స్వానా నాటు విత్తనం బీ301 ఆధారంగా నిరోధక రకాలు తయారయ్యాయి. బీ301లోని ఒక నిరోధక జన్యువును 2009లో గుర్తించారు. ఈజిప్టులో బాకలా చిక్కుడుకు ఓరబాంకి పట్టుకుంటే గీజా 402 రకం ఎదురు నిలిచింది. కృష్ణా డెల్టా వరి మాగాణుల్లో వరి తర్వాత వేసే మినుము, పెసరకు చుట్టుకునేది బంగారు తీగ. దాని విత్తనం పదేళ్లకు పైగా నేలలో బతకగలదు. అక్కడ రైతు ఇప్పటికీ ప్రధానంగా ఇసుకలో కలిపి చల్లే పెండిమిథాలిన్ మందునే నమ్ముకున్నాడు. కందికి తెగులు మడులతో జరిగినంత పట్టుదలైన వడపోత మినుముకూ జరగాలి.

మారుతి, బీ301 రెండూ రైతుల నాటు విత్తనాల నుంచి వచ్చినవే. ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలు భద్రంగా ఉన్నాయి. తాండూరు పల్లెల్లో ఎవరి ఇంటైనా పాత నాటు కంది విత్తనం ఇంకా మిగిలి ఉంటే, దాన్ని పరిశోధన కేంద్రానికి పిడికెడు అందించండి.